అల్సిడ్ మామయ్య ఆరు తుపాకులు

లాఫయెట్
అక్టోబర్ 6, సోమవారం

ప్రియమైన మెమేర్‌కి,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి, ఎందుకంటే తప్పు నాది. శుక్రవారం కోర్టులో అల్సిడ్ మామయ్య తుపాకులకు నిన్ను కాపలాదారుగా రాసుకున్నారు. నువ్వు ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టావు. నీ చేతికి కలం అందించింది నేనే. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని, అందులోనూ లాయరు ఆఫీసులో పనిచేస్తున్నదాన్ని, అయినా అమ్మమ్మకి కాగితం చదివి వినిపించాలన్న ఇంగితం లేకపోయింది.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నీ ఇంట్లో ఫోన్ ఎత్తేది, రోజూ కాఫీకి వచ్చి కూర్చునే మామయ్యే. నీకు వినపడేలా నేను అరిస్తే పాయింట్ ఒలీవ్ కాలువ రెండు గట్లకీ వినపడుతుంది.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. భార్య వెర్నా అత్తను కొట్టిన నేరం రుజువైంది కాబట్టి మామయ్య పదేళ్లపాటు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. ఉన్న ఆరూ అప్పగించాలి. పోలీసులకైనా ఇవ్వొచ్చు, ఆయనతో ఒకే ఇంట్లో ఉండని నమ్మకమైన మనిషికైనా ఇవ్వొచ్చు. మామయ్య నిన్ను కోరుకున్నాడు. నువ్వు వాటిని భద్రంగా ఉంచి, ఆయనకి మాత్రం ఇవ్వకూడదు. ఒక్క రోజుకైనా, ఒక్కదాన్నైనా. నవంబర్ 14న జడ్జి గారు మళ్ళీ పిలిచి, అన్నీ సరిగ్గా జరుగుతున్నాయా అని అడుగుతారు.

వెర్నా అత్త ఇంకా హౌమాలో చెల్లెలి ఇంట్లోనే ఉంది. కోర్టు ఇల్లు ఆమెకే ఇచ్చింది, మామయ్య మీ వీధి చివర ట్రైలర్ ఇంట్లో ఉన్నాడు. అయినా ఆమె తిరిగి రావడానికి భయపడుతోంది. ఆ తుపాకులు నిజంగా ఆయన చేతికి అందవని తెలిస్తేనే వస్తానంటోంది. కాబట్టి ఎక్కడ పెట్టావో వెంటనే రాయి.

నీ మనవరాలు
జెలీన్


పాయింట్ ఒలీవ్
అక్టోబర్ 10

నా షే జెలీన్,

నీ ఉత్తరం అందింది. కాగితం చదవలేదని రాశావు. ఎందుకు చదవలేదూ? మొదటి వరస చదివాను. అందులో నా పేరు తప్పు లేకుండా ఉంది. ఇక మిగతాది చదివి ఏం చేసుకుంటాను?

ఇక్కడ వానలు తగ్గాయి. బెండకాయలు అయిపోయాయి. గోధుమరంగు కోడి మళ్ళీ పక్కింటివాళ్ళ పడవలో గుడ్లు పెడుతోంది, వాళ్ళేమో చేపలు పట్టడానికి పోయి గుడ్లతో తిరిగొస్తున్నారు. నువ్వు సరిగ్గా తింటున్నావా? కోర్టులో చూశాను, నీ మెడ ఎముకలు నీకంటే ముందు లోపలికి నడిచాయి.

తుపాకుల గురించి బెంగపడకు. వెనక వసారాలో ఫ్రీజర్ ఉంది కదా, మొన్నటి తుఫానుకి చచ్చిపోయిందే, అందులో పెట్టాను. పైన ఉల్లిపాయల బస్తా వేశాను. ఏడూ హాయిగా పడుకున్నాయి. ఈ తేమకి తుప్పు పడుతుందేమోనని భయపడ్డాను గానీ, అల్సిడ్ బంగారం. ఆదివారం చర్చిలో పూజ అవగానే నేరుగా వచ్చి, ఒక్కోదాన్నీ బయటికి తీసి, నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ పడుకోబెడతాడు. ఆ శ్రద్ధ చూస్తే నువ్వు ఏడుస్తావు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. నా కొడుకు కొట్టింది తప్పే. నేనూ వాణ్ణి చెంప మీద ఒకటి వేశాను, నలభై ఆరేళ్ళవాణ్ణి, చర్చి మెట్ల మీద. కానీ వాడు కొట్టింది చేత్తో. మరి తుపాకులేం చేశాయి? కోర్టుకి అంత కోపం వస్తే చేతులకి తాళం వెయ్యాలి కదా? చదువుకున్నదానివి, చెప్పు.

నీ మెమేర్
యులాలీ


లాఫయెట్
అక్టోబర్ 14

ప్రియమైన మెమేర్‌కి,

నిజంగానే ఏడ్చాను. నువ్వు అనుకున్న కారణానికి కాదు.

మామయ్య వాటిని ముట్టుకోకూడదు! నూనె రాయకూడదు, తుడవకూడదు, పడుకోబెట్టకూడదు. ఆయన ఆదివారం చేసిన పని ఎవరైనా చూస్తే ఆయన జైలుకి పోతాడు, నువ్వూ చిక్కుల్లో పడతావు. భద్రంగా ఉంచడం అంటే తళతళలాడేలా ఉంచడం కాదు, ఆయనకి అందకుండా ఉంచడం. తుప్పు పడితే పట్టనీ.

ఆ ఫ్రీజర్‌కి తాళం లేదు. నాకు తెలుసు, చిన్నప్పుడు అందులోంచి ఐస్ దొంగిలించింది నేనే.

ఇంకొక విషయం. కోర్టు జాబితాలో ఆరు ఉన్నాయి. నువ్వు ఏడు అని రాశావు. మామయ్య ప్రమాణం చేసి ఒకటి దాచాడంటే అది చాలా పెద్ద నేరం. రాత్రంతా ఆలోచించి, ఉదయం పోలీసు కార్యాలయానికి ఫోన్ చేసి, లెక్క ఒకసారి సరిచూడమని మాత్రం చెప్పాను. నూనె సంగతి చెప్పలేదు. చెప్పనందుకు నా మనసు బాగాలేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు: రాష్ట్ర చట్టంలోనూ కేంద్ర చట్టంలోనూ ఈ నిషేధం ఉంది. ఆ సెక్షన్లు రెండు పేజీల్లో తేటగా రాసి దీంతో జతచేశాను. ఎర్ర సిరాతో గీత గీసినవి ముఖ్యమైనవి.

నీ మనవరాలు
జెలీన్


పాయింట్ ఒలీవ్
అక్టోబర్ 20

జెలీన్‌కి,

నా షే అని, నా బంగారమని రాయడం లేదు, గమనించు.

నా ఇంటికి పోలీసుని పంపావు. బుధవారం, నేను జుట్టు ఆరబెట్టుకుంటుంటే. వచ్చింది ఎవరనుకున్నావు, మా పినతల్లి మనవడు క్లోవిస్. నడుముకి బెల్టు, బెల్టుకి ఇనుప సామాను, గడ్డం మీద చెమట. "అత్తా, మీ దగ్గర తుపాకులు ఎన్నున్నాయో చూడాలండీ" అన్నాడు. "చూద్దువుగాని, ముందు కూర్చుని గంబో పులుసు తిను" అన్నాను. రెండు గిన్నెలు తిన్నాడు. తర్వాత ఫ్రీజర్ తెరిచాడు, ఉల్లిపాయలన్నీ వాడి బూట్ల మీద పడ్డాయి.

లెక్కపెట్టాడు. "ఏడున్నాయి అత్తా."

"ఏడోది నాదిరా. నా పెళ్ళికి మా నాన్న ఇచ్చాడు."

"కాగితం ఉందా?"

"నీ పెళ్ళికి మీ అత్తగారు ఇచ్చిన దుప్పటికి కాగితం ఉందా?"

వాడు తల గోక్కున్నాడు. సరేనని నేనే దాన్ని తీసుకుని పెరట్లోకి నడిచి, కంచె మీద కాఫీ డబ్బా పెట్టి, ముప్పై అడుగుల నుంచి ఎగరగొట్టాను. "రాసుకో, ఎవరిదో అదే చెప్పింది" అన్నాను. రాసుకున్నాడు. గోధుమరంగు కోడి రెండు రోజులు గుడ్డు పెట్టలేదు. అదీ నీ ఖాతాలోనే.

క్లోవిస్ మంచివాడు. తన జీపులోంచి తాళం తెచ్చి ఫ్రీజర్‌కి బిగించాడు. తాళంచెవి అల్సిడ్‌కి తెలియని చోట దాచమన్నాడు. ఎక్కడ దాచాలో నాకు తోచక అల్సిడ్‌నే అడిగాను, దాచడంలో చిన్నప్పటి నుంచీ వాడే గట్టివాడు. మంచి చోటు చెప్పాడు.

ఇక నూనె నేనే రాస్తున్నాను. వాడు వసారా బయట మెట్టు మీద కూర్చుని, "మమ్మా, గొట్టం లోపల కూడా, మమ్మా, అలా కాదు" అని అరుస్తుంటాడు. ముట్టుకోవడం లేదు. నీ చట్టం సంతోషించిందా?

నీ రెండు పేజీలు చదివాను. ఎర్ర గీతలు బాగున్నాయి. వాటిలో నా ప్రశ్నకి జవాబు లేదు.

నవంబర్ 15న బాతుల వేట మొదలవుతుంది. ఎనిమిదో ఏట నుంచీ వాడు ఒక్క మొదటి రోజు కూడా తప్పలేదు. పడవలు కదులుతుంటే గట్టు మీద నిలబడి చూస్తాడా? ఒక్క ఉదయం ఇస్తానని మాటిచ్చాను. భయపడకు, పడవలో నేనూ ఉంటాను. తుపాకీ నా ఒళ్ళోనే ఉంటుంది. బాతు వచ్చినప్పుడు వాడికిస్తాను, పేల్చగానే తిరిగి తీసుకుంటాను.

యులాలీ


లాఫయెట్
అక్టోబర్ 25

ప్రియమైన మెమేర్‌కి,

నువ్వు షే అనకపోయినా నేను మెమేర్ అనే రాస్తాను.

క్లోవిస్‌ని పంపినందుకు క్షమించు. ఏడోది ఎవరిదని ముందు నిన్నే అడగాల్సింది. కోడికి కూడా నా క్షమాపణ చెప్పు.

పడవలో ఒక్క క్షణం ఇచ్చినా ఇచ్చినట్టే. ఆయన దాచమన్న చోట తాళంచెవి ఉందంటే అది ఆయన దగ్గరున్నట్టే. ఈ రెండూ చెప్పడానికి మళ్ళీ రెండు పేజీల సెక్షన్లు రాసి చించేశాను. నువ్వు చెప్పింది నిజం, వాటిలో నీ ప్రశ్నకి జవాబు లేదు. జవాబు వెర్నా అత్త దగ్గర ఉంది. నిన్న హౌమా వెళ్ళి అడిగాను. నీకు రాయొచ్చా అని కూడా అడిగాను. గిన్నెలో మిగిలిన రొయ్యల తలలన్నీ తీసేసి, రాయమంది.

మామయ్య ఆమె మీద ఎప్పుడూ తుపాకీ ఎత్తలేదు. తుపాకులు గోడకి ఉండేవి. కోపం వచ్చిన రోజు ఆయన అరిచేవాడు కూడా కాదట. భోజనానికి కూర్చునే ముందు గోడ మీద నుంచి ఒకటి తీసి, బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టేవాడు. తర్వాత ప్రార్థన చెప్పుకుని తినేవాడు. గొట్టం ఆమె కూర్చునే వైపు ఉండేది. ఆమె కూడా తినాలి. ఎంత తిన్నదో చూసేవాడు. మూడేళ్ళు, మెమేర్. చేతి దెబ్బలు ఏ రోజు తగిలాయో ఆమెకి గుర్తు లేదు. బల్ల మీద అది ఉన్న రోజులు మాత్రం ఏ కూర వండిందో సహా చెప్పింది.

తుపాకులేం చేశాయని అడిగావు. ఇదీ నా జవాబు.

ఈ బరువు నీ మీద పెట్టింది నేనే. నువ్వు మోయలేనంటే చెప్పు, వాటిని పోలీసుల గదిలో పెట్టమని నేనే జడ్జి గారిని అడుగుతాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీకు ఆయన కొడుకు.

నీ మనవరాలు
జెలీన్


పాయింట్ ఒలీవ్
నవంబర్ 3

నా షే జెలీన్,

బుధవారం నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. గురువారం పొద్దున అల్సిడ్ కాఫీకి వచ్చాడు. చక్కెర వేసుకోనిచ్చి, అడిగాను.

"బల్ల మీద పెట్టేవాడివా?"

దేని గురించో వాడు అడగలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది. చెంచా పక్కన పెట్టాడు.

"నాన్న పెట్టేవాడుగా మమ్మా. నువ్వు ఏమీ అనేదానివి కాదుగా."

అనలేదు. అన్నం వడ్డించాను. నీకు ఇది నేనెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పలేదు. పిల్లలకి వాళ్ళ గిన్నెలే తప్ప బల్ల మీద వేరే ఏమీ కనపడవనుకునేదాన్ని. మీ తాతయ్య గురించి ఇక రాయను. ఆయన పోయి పందొమ్మిదేళ్ళయింది.

వాణ్ణి కాఫీ తాగకుండానే పొమ్మన్నాను.

తర్వాత ఫ్రీజర్ వైపు చూశాను. తాళంచెవి వాడు చెప్పిన చోట ఉంది. క్లోవిస్‌కి ఇద్దామనుకున్నాను గానీ, పోలీసు జీపు నా గుమ్మం ముందు మళ్ళీ ఆగితే పక్కింటావిడ పండగ చేసుకుంటుంది. వాడు వెతకని చోటు ఏదా అని ఆలోచించాను. ఇల్లంతా వాడికి తెలుసు. పడవలు తెలుసు. మధ్యాహ్నం సమాధుల పండక్కి చామంతులు కొనడానికి వెళ్తుంటే తట్టింది.

చర్చి పక్కన మన సమాధి నీకు తెలుసు కదా, ఇటుకలది, నేల పైన, పక్కపక్కనే రెండు అరలు. ఒకదాంట్లో మీ తాతయ్య. రెండోది నాది, ఖాళీ. ముందు చెక్క మాత్రం అడ్డం పెట్టి ఉంటుంది.

తోట బండిలో ఆరింటినీ పరిచి, మైనపుగుడ్డ చుట్టి, పైన చామంతులు కప్పాను. నాది ఇంట్లోనే ఉంచుకున్నాను, అది ఏ పాపమూ ఎరగదు. ఎండలో నేను బండి తోసుకుపోతుంటే ఆడవాళ్ళందరూ, "యులాలీ, ఎన్ని పూలో! ఇన్నేళ్ళయినా ఆయనంటే ఎంత ప్రేమో!" అన్నారు. బరువుకి చక్రం కిర్రుమంటోంది. "ప్రేమ బరువే" అన్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నా అరలో పెట్టి, ఇటుకలు పేర్చి, సిమెంటు కూడా నేనే వేశాను. మా నాన్న తాపీమేస్త్రీ, నువ్వు పుట్టకముందే పోయాడు. నడుము ఇంకా పట్టేసే ఉంది.

మర్నాడు సమాధికి వెల్ల వెయ్యడానికి అల్సిడ్ వచ్చాడు. ప్రతి ఏడూ వాడే వేస్తాడు. మొహం మాడ్చుకుని వేశాడు గానీ, చాలా చక్కగా వేశాడు. సగంలో ఆగి, "మమ్మా, నీ వైపు మూశావేంటి?" అన్నాడు.

"తేమ వస్తోంది."

"నువ్వింకా చావలేదుగా!"

"అలవాటు చేసుకుంటున్నా."

వాడు సిలువ గుర్తు వేసుకుని ఇంకో పూత వేశాడు. శనివారం ఫాదర్ గారు వరసలో వస్తూ నా వైపు కూడా పవిత్ర జలం చల్లారు. ఆరింటికీ దీవెన దక్కింది. కొవ్వొత్తులు వెలిగించాం. వాడు నా పక్కనే నిలబడి ఏడ్చాడు.

వేట సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు. ఫ్రీజర్ తాళం మాత్రం ఆదివారం తీసి ఉంది, ఉల్లిపాయలు నేల మీద ఉన్నాయి. వచ్చి అడగలేదు. నేనూ చెప్పలేదు.

కాబట్టి వెర్నాకి చెప్పు, ఇంటికి రావచ్చని. పదేళ్ళయ్యేసరికి నాకు ఎనభై నాలుగు. ఈలోపే నాకు ఆ చోటు అవసరమైతే ముందు వాటిని తియ్యండి, నన్ను వాటి మీద మాత్రం పడుకోబెట్టకండి.

కింద మూలలో ఒక్క ఇటుక మాత్రం సిమెంటు లేకుండా వదిలాను. తల్లిని కదా.

నీ మెమేర్
యులాలీ


లాఫయెట్
నవంబర్ 6, గురువారం

ప్రియమైన మెమేర్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. సాయంత్రమే హౌమా బస్సెక్కి వెర్నా అత్తకి చదివి వినిపించాను. "అలవాటు చేసుకుంటున్నా" అన్న చోట ఆమె నవ్వింది. మళ్ళీ చదవమంది, మళ్ళీ నవ్వింది. కోర్టు మొదలైనప్పటి నుంచీ ఆమె నవ్వు వినడం నాకు ఇదే మొదటిసారి. నువ్వు తాతయ్య గురించి రాసిన చోట నవ్వలేదు, నా చేయి పట్టుకుంది.

చివరి వాక్యం చదివాక నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడత పెట్టింది. "ఆ ఇటుక గురించి అడుగు" అంది.

అందుకే ఇది రాస్తున్నాను.

14న జడ్జి గారు తుపాకులు ఎక్కడున్నాయని అడుగుతారు. సమాధి సంగతి నేను దాచను, దాచలేను. ఫాదర్ గారూ క్లోవిసూ దగ్గరుండి తెరిపిస్తే, ఆరూ పోలీసుల గదికి వెళ్ళిపోతాయి. కానీ కాపలాదారువి నువ్వు, ఆ మాట కోర్టులో అడగాల్సింది నువ్వే. కొడుకు వింటుండగా. నేను పక్కనే ఉంటాను. ఈసారి ప్రతి కాగితం నీకు పూర్తిగా చదువుతాను, మొదటి వరస ఒక్కటే కాదు.

అప్పటివరకూ మధ్యలో ఎనిమిది రోజులున్నాయి. మామయ్య ఫ్రీజర్ వెతికాడు. నీ మొహం చూస్తే నీ మనసులో ఏముందో ఆయనకి తెలిసిపోతుంది. నీ వైపు ఎందుకు మూశావని ఒకసారి అడిగాడు కూడా. పదిహేనో తేదీ దగ్గరపడేకొద్దీ వచ్చి నీ వంటింట్లో కూర్చుంటాడు. ఏడుస్తాడు. నిజంగానే ఏడుస్తాడు, అది నటన అని నేను అనను.

నీ మీద నమ్మకం లేక వెర్నా అత్త అడగడం లేదు. ఆయన ఏడ్చినప్పుడల్లా తను ఎన్నిసార్లు తలుపు తీసిందో ఆమెకి గుర్తుంది, అందుకని అడుగుతోంది. తల్లివని నువ్వు రాశావు. ఆ ఇటుక వదిలింది అందుకేనని మా ఇద్దరికీ తెలుసు.

ఆమె చెల్లెలి స్నేహితురాలు టెక్సాస్‌లో గది, పని చూసి పెట్టింది. బుధవారం సాయంత్రం బస్సు. వెళ్ళాలా, పాయింట్ ఒలీవ్‌లో తన ఇంటి తాళం తీసుకోవాలా అన్నది ఆమె తేల్చుకోలేక కూర్చుంది. జడ్జి గారి మాట కోసం ఆగదు. నీ మాట కోసం ఆగుతానంది.

కాబట్టి పెద్ద ఉత్తరం అక్కర్లేదు. తపాలా బిళ్ళ అంటించిన కార్డు జతచేశాను. ఆ ఇటుకకి సిమెంటు పెట్టానని రాయి. లేదా పెట్టలేనని రాయి. పెట్టలేనంటే నిన్ను ఎవరూ తప్పుపట్టరు, వెర్నా అత్త అసలే పట్టదు. కానీ ఆమెకి ఏదో ఒకటి తెలియాలి.

నీ జవాబు నవంబర్ 12, బుధవారం లోపు నాకు అందాలి.

నీ మనవరాలు
జెలీన్